తస్వీర్ ఉంది, పేరేదీ?



"మా ఫోటోలన్నీ భద్రంగా ఉన్నాయి భాయ్, గూగుల్‌లో ఉన్నాయి." ఈ మధ్య ఏ దావత్‌కి వెళ్ళినా ఈ మాట వింటున్నాను. చెప్పేవాళ్ళ ముఖంలో ఎంతో ఇత్మీనాన్ కనిపిస్తుంది. నేను ఒక్కటే అడుగుతాను: "మీ దాదీ చెల్లెలి ఫోటో ఒకటి చూపించండి."

ఫోన్ తీస్తారు. వేలితో పైకి తోస్తారు, ఇంకా పైకి తోస్తారు. జుమ్మా ముబారక్ గులాబీలు, కరెంటు బిల్లు, పిల్లల హోంవర్క్, బిర్యానీ దేగ్, ఒకే కేకుకి పదిహేడు ఫోటోలు. ఐదు నిమిషాల తర్వాత ఫోన్ జేబులో పెట్టుకుని "ఉంది భాయ్, ఎక్కడో ఉంది" అంటారు.

ఎక్కడో ఉన్నది లేనట్టే. ఈ మాట అనే హఖ్ నాకుంది. ఎందుకంటే ఈ విషయంలో నాకన్నా పెద్ద గల్తీ చేసినవాణ్ణి నేనింకా చూడలేదు. ముందు నా సంగతి చెప్తాను, తర్వాత మీతో ఝగ్డా పెట్టుకుంటాను.

మాది కర్నూలు పాతబస్తీ. 2009 అక్టోబరు 2న తుంగభద్రా, హంద్రీ కలిసి ఊళ్ళోకి వచ్చిన సంగతి మీకు తెలుసు. మా నికా ఆల్బమ్‌లు, అక్క నికా ఆల్బమ్‌లు కింది గదిలో బీరువాలో ఉండేవి. నీళ్ళు దిగాక తీస్తే పేజీలన్నీ ఒకదానికొకటి అతుక్కుపోయి ఇటుకల్లా ఉన్నాయి. విడదీయబోతే రంగు ఊడి చేతికి వచ్చింది. మిద్దె మీది గదిలో ఉన్న ఒక్క రేకు పెట్టె మాత్రం బతికింది. అందులో 212 ఫోటోలు. అన్నీ బ్లాక్ అండ్ వైట్, అన్నీ మా దాదా జమానావి. ప్రతి ఫోటో వెనకా దాదా ఉర్దూలో, ఇంకు పెన్నుతో రాసి పెట్టారు. ఎవరెవరు ఉన్నారు, ఏం మౌఖా, ఏ సాల్.

కొన్నేళ్ళ తర్వాత ఆ పెట్టెను ఒక ఫోటో షాపుకి తీసుకెళ్ళి స్కాన్ చేయించాను. అతను ముందు వైపు స్కాన్ చేసి పెన్‌డ్రైవ్‌లో వేసిచ్చాడు. వెనక వైపు కూడా చేయమని నేను చెప్పలేదు. ఆ తర్వాత ఇల్లు మారాం. సామాను సర్దుతుంటే మా అక్క కొడుకు ఆ పెట్టె పట్టుకొచ్చి "దీన్నేం చేయాలి మామూ?" అన్నాడు. "స్కాన్ అయిపోయాయి కదా బేటా, రద్దీలో వేసెయ్" అన్నాను.

వాడు ఒక ఫోటో తిప్పి చూశాడు కూడా. "పీఛే కుఛ్ లిఖా సో హై మామూ" అన్నాడు. వాడు ఇంగ్లీషు మీడియం, ఉర్దూ చదవడం రాదు. నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివినవాణ్ణి. చెయ్యి చాపి ఆ ఫోటో అందుకుంటే చాలు, చదవగలను. కానీ బయట లారీ నిలబడి ఉంది. "ఫర్వా నై, వేసెయ్" అన్నాను.

నదులు రెండూ కలిసి చేయలేని పనిని నేను ఒక్కణ్ణి అర నిమిషంలో చేశాను.

అబ్బా ఇంతెఖాల్ అయ్యాక ఆ పెన్‌డ్రైవ్ తీశాను. 43వ ఫోటోలో ఒక ఆంగన్, ఒక నవారు మంచం, ముగ్గురు ఆడవాళ్ళు. మధ్యలో ఉన్నది దాదీ. అటూ ఇటూ ఎవరు? అమ్మీకి తెలియదు. అక్కకి తెలియదు. ఆ ఇద్దరి పేర్లూ ఆ ఫోటో వెనకే ఉండేవి. ఆ కాయితం ఏ రద్దీ కొట్టులోనో ముద్దయిపోయింది. నా దగ్గర ఇప్పుడు చాలా స్పష్టమైన, పెద్దది చేసి చూసుకోదగ్గ, ఎవరిదో తెలియని తస్వీర్ ఉంది.

ఇక ఝగ్డా మొదలుపెడతాను.

నేను అనేది ఒక్కటే: ఫోటోను దాచడం అంటే పేరును దాచడం. పేరు లేని ఫోటోలు వెయ్యి దాచినా, లక్ష దాచినా అది కబాడ్. మన ఖాందాన్‌లకి తారీఖ్ పుస్తకాలు లేవు. బషరతు జాగీర్‌దార్లూ నవాబులూ కాదు మనం. దర్జీలు, దూదేకుల వాళ్ళు, గుమాస్తాలు, టీచర్లు, బండి తోలినవాళ్ళు. మన గురించి ఎవరో రాస్తారని కూర్చుంటే ఖయామత్ దాకా కూర్చోవాలి. ఫోటోల కింద మనం రాసుకునే పేర్లే మన తారీఖ్.

"ఆ పని ఇప్పుడు ఫోనే చేస్తోంది కదా, ముఖాలు గుర్తుపట్టి విడదీస్తోంది" అంటారు కొందరు నౌజవాన్లు. నిజమే, ఒకేలాంటి ముఖాలను ఒకచోట పెడుతుంది. కానీ ఆ ముఖం ఎవరిదో దానికి ఎవరు చెప్పాలి? మీరే. మీకు తెలియకపోతే అదేం చేస్తుంది? ఇంకో మాట. నిఖాబ్ వేసుకుని ముగ్గురు ఖాలాలు ఈద్గా బయట నిలబడిన ఫోటో ఉందనుకోండి. ఏ మెషీన్ విడదీస్తుంది వాళ్ళని? మనవడైతే చెప్పుల్ని బట్టి చెప్పేస్తాడు, ఈమె మా నానీ అని.

గూగుల్ గురించి కూడా ఒక మాట. ఎంత పెట్టినా ఉచితం అన్న రోజులు 2021 జూన్ 1తో అయిపోయాయి. ఇప్పుడు ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అందులోనే మెయిలూ, డ్రైవూ, ఫోటోలూ అన్నీ. రెండేళ్ళు ఎవరూ తెరవని అకౌంటును తీసేసే హఖ్ ఆ కంపెనీ తన దగ్గరే పెట్టుకుంది. ఇంటి పెద్ద ఇంతెఖాల్ అయితే ఆయన పాస్‌వర్డ్ ఎంతమందికి తెలుసు? జమీన్‌కి వసీయత్ రాస్తాం, దుకాణానికి రాస్తాం, ఫోటోలకి ఎందుకు రాయం? ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఒక సెట్టింగ్ ఉంది. నా తర్వాత ఫలానా వాళ్ళకి ఇవ్వండి అని ముందే పెట్టుకోవచ్చు. పెట్టుకున్నవాళ్ళు చెయ్యెత్తండి. నాకు తెలుసు, ఎవరూ ఎత్తరు.

అసలు ఝగ్డా ఇప్పుడు వస్తుంది. మన ఇళ్ళలో అన్నిటికన్నా ముందు పోయేవి ఆడవాళ్ళ పేర్లు.

నికా రుఖ్ఖా తీసి చూడండి. దూల్హా పేరు, చదువు, నౌకరీ, అబ్బా పేరు, దాదా పేరు అన్నీ ఉంటాయి. దుల్హన్ దగ్గరికి వచ్చేసరికి ఎన్నో రుఖ్ఖాల్లో "దుఖ్తరె నేక్ అఖ్తర్", "నూరె చష్మీ". ఆ పిల్లకి పేరు లేదా? ఆల్బమ్ మీద కూడా దూల్హా పేరే. పదేళ్ళు గడిచాక "ఫలానా కీ అమ్మా". ఇంకో ఇరవై ఏళ్ళకి "దాదీమా". ఆమె పోయాక పేరు ఒక్క ఖబర్ మీద ఉంటే ఉంటుంది, లేకపోతే లేదు.

"అది పర్దా భాయ్, అదబ్" అంటారు. జనాబ్, పేరు రాసి ఇంట్లో పెట్టుకోవడం వేరు, ఫేస్‌బుక్‌లో పెట్టడం వేరు. ఈ రెంటికీ ఫరఖ్ మన బుజుర్గులకి తెలుసు. ఆరో నిజాం దగ్గర ముసవ్విర్ జంగ్ ఖితాబు పొందిన రాజా దీన్ దయాళ్ 1892లో హైదరాబాద్‌లో ప్రత్యేకంగా ఒక జనానా స్టూడియో తెరిచారు. దాన్ని ఒక ఇంగ్లీషు దొరసాని చూసుకునేది. పర్దా ఉన్న బేగమ్‌లు వచ్చి ఫోటో తీయించుకుని వెళ్ళేవారు. పర్దాకీ తస్వీర్‌కీ మధ్య రాస్తా అప్పుడే వేశారు, మనం మూసేశాం. ఆ దీన్ దయాళ్ గాజు ప్లేట్లలో చాలావాటి మీద నెంబరూ వివరమూ అక్కడే రాసి ఉంటాయి. ఫోటో ఎక్కడికి వెళ్తే రాత దాని వెంటే వెళ్తుంది. మా దాదా చేసింది కూడా అదే పని. వేరు చేసింది నేను.

ఇల్మ్ ఉన్నవాళ్ళకి ఇంకో మాట. సనద్ లేని రివాయత్‌ని ముహద్దిసీన్ ఒప్పుకోలేదు. ఎవరు చెప్పారు, వాళ్ళకి ఎవరు చెప్పారు అని పేరు పేరునా అడిగిన ఉమ్మత్ మనది. హిజ్రీ 230లో వఫాత్ అయిన ఇబ్నె సాద్ తన తబఖాత్‌లో ఒక హిస్సా మొత్తం ఖవాతీన్‌కే ఇచ్చారు, ఒక్కొక్కరి పేరూ, వాళ్ళ అబ్బా పేరూ, అమ్మీ పేరూ రాస్తూ. అంత పాత రోజుల్లో ఆడవాళ్ళ పేర్లు రాయడానికి ఆయనకి అడ్డు రాని అదబ్ మనకి ఎక్కడినుంచి అడ్డం వచ్చింది?

సరే, ఏం చేయాలి? ముష్కిల్ ఏమీ లేదు. ఓపిక కావాలి, ఒక కంప్యూటర్ కావాలి.

మొదట అన్నీ ఒకచోటికి తెండి. ఫోన్లు, పాత మెమరీ కార్డులు, నికా డీవీడీలు, ఎవరి లాప్‌టాప్‌లోనో ఉన్నవి. కానీ ఫోటోలు వాట్సాప్‌లో పంపించుకోకండి. వాట్సాప్ ఫోటోను కుదించేస్తుంది, తీసిన తారీఖును కూడా ఊడదీస్తుంది. ఫైలు పేరులో కనిపించే తారీఖు ఫోటో తీసిన రోజుది కాదు, వాట్సాప్‌లో అటూ ఇటూ తిరిగిన రోజుది. అందుకే పాత ఈద్ ఫోటో కొత్త ఏడాదిలో వచ్చి కూర్చుంటుంది. కేబుల్‌తో కాపీ చేయండి. వేరే దారి లేకపోతే వాట్సాప్‌లోనే డాక్యుమెంట్‌గా పంపమనండి, అసలు ఫైలు అలాగే వస్తుంది.

తర్వాత ఫోల్డర్లు. ముందు సంవత్సరం, తర్వాత నెల, తర్వాత రోజు, ఆ తర్వాత మౌఖా. "2019-06-05 ఈదుల్ ఫిత్ర్" అన్నట్టు. ఇలా రాస్తే కంప్యూటర్ తనంతట తానే వరసలో పెడుతుంది. వట్టి "ఈద్" అని పెడితే ఏ ఈద్? 2019లో ఈదుల్ ఫిత్ర్ జూన్‌లో వచ్చింది, 2024లో ఏప్రిల్‌లో వచ్చింది. చాంద్ కదులుతూ ఉంటుంది, ఫోల్డర్ కదలకూడదు. పాత ఫోటోలకి తారీఖు తెలియకపోతే "1970ల్లో" అని రాయండి. స్కాన్ చేసిన ఫోటోల విషయంలో జాగ్రత్త. కంప్యూటర్‌కి తెలిసేది స్కాన్ చేసిన రోజే. నా కంప్యూటర్ లెక్కలో మా దాదా నికా 2016లో జరిగింది.

ఇక ఏరివేత. ఒకే ఫోటో నాలుగు ఫోన్లలోంచి నాలుగుసార్లు వచ్చి ఉంటుంది. డిజీకామ్ అని ఉచితంగా దొరికే సాఫ్ట్‌వేర్ ఉంది, ఒకేలాంటి ఫోటోలు వెతికి చూపిస్తుంది. నాలుగింటిలో పెద్ద సైజుది ఉంచుకోండి. జుమ్మా ముబారక్ గులాబీలకి ఖుదా హాఫిజ్ చెప్పండి, గునాహ్ ఏమీ కాదు.

తర్వాత అసలు పని, పేర్లు. ఆ డిజీకామ్‌లోనే ఫోటో కింద క్యాప్షన్ రాసే చోటు ఉంది. అక్కడ రాసింది ఫోటో ఫైలు లోపలే ఉండేలా సెట్టింగ్ పెట్టుకోవచ్చు. గూగుల్ ఫోటోస్‌లో రాసుకున్న వివరం బయటికి తెచ్చుకునేటప్పుడు ఫోటో ఒక ఫైలుగా, రాత ఇంకో ఫైలుగా విడిపోతాయి. మళ్ళీ ముందు వైపు ఒకచోట, వెనక వైపు ఇంకోచోట. నేను ఆ దెబ్బ తిన్నాను, మీరు తినకండి.

ఏ జబాన్‌లో రాయాలి? దీని మీద మా ఇంట్లోనే పెద్ద బహస్ అయింది. ఉర్దూలో రాయకపోతే ఉర్దూ ఏమవుతుంది అని మా పెద్ద మామూ. నేను ఉర్దూ మీడియం, డిగ్రీ తెలుగులో. నాకు రెండూ కళ్ళే. కానీ మా దాదా రాసిన ఉర్దూ మా మేనల్లుడికి గీతల్లా కనిపించింది. తప్పు వాడిది కాదు, నేర్పని మాది. పిల్లలు ఏది చదవగలరో అందులో తప్పక రాయండి, పక్కనే ఉర్దూలోనూ రాయండి. డిజీకామ్‌లో ఒకే ఫోటోకి రెండు జబానుల్లో క్యాప్షన్ పెట్టుకునే వీలుంది. బహస్ ఖతమ్.

పేర్లు రాసేటప్పుడు మూడు సంగతులు. ఒకటి, "నానీ", "పెద్ద ఖాలా", "చాచా" అని రాయకండి. ఎవరి నానీ? నా నానీ నా కొడుక్కి నానీ కాదు. పూర్తి పేరు రాయండి, ఎవరి బేటీ, ఎవరి బీవీ అన్నది తర్వాత. ఆధార్‌లో ఉన్న పేరూ, ఇంట్లో పిలిచే పేరూ రెండూ కావాలి. ఆధార్‌లో మహబూబ్ బీ, గల్లీలో మాబ్బీ. ఒక్కటే రాస్తే రేపు ఇద్దరు మనుషులనుకుంటారు. రెండు, వరస. ఉర్దూలో గ్రూప్ ఫోటో పేర్లు కుడి నుంచి, "దాయేఁ సే" అని మొదలవుతాయి. తెలుగు పత్రికల్లో "ఎడమ నుంచి" అని రాస్తాం. పాత ఫోటో వెనక ఉన్నది ఎక్కించేటప్పుడు ఇది మర్చిపోతే ఖాలూ స్థానంలో చాచా వచ్చి నిలబడతాడు. మూడు, ఎవరు చెప్పారో రాయండి. "ఫూఫీ చెప్పింది, ఫలానా తారీఖున." అదే మీ సనద్.

కాయితం ఫోటోలుంటే వెనక వైపు ఖాళీగా కనిపించినా స్కాన్ చేయండి. స్టూడియో ముద్ర ఉండొచ్చు, ఊరు తెలుస్తుంది. ఒకే నెంబరిచ్చి "ముందు", "వెనక" అని పెట్టండి. కొత్తగా రాయాలంటే బాల్‌పెన్ వద్దు, మెత్తటి పెన్సిల్‌తో నెమ్మదిగా రాయండి. స్కాన్ అయ్యాక అసలు ఫోటోలు పారేయమనే మాట ఎవరైనా అంటే, నా పేరు చెప్పండి.

చివరిది, నకళ్ళు. మూడు ఉండాలి. రెండు రకాల వాటి మీద ఉండాలి. ఒకటి వేరే ఇంట్లో ఉండాలి. కర్నూలు వరద చూసినవాడికి మూడోదాని అర్థం వేరే చెప్పక్కర్లేదు. ఒక హార్డ్ డిస్క్ మన దగ్గర, ఒకటి అక్క ఇంట్లో, ఒకటి క్లౌడ్‌లో. ఏడాదికోసారి, రంజాన్ ముందు ఇల్లు దులిపే రోజుల్లో, తెరిచి చూడండి అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో.

ఆడవాళ్ళ ఫోటోల ఫోల్డర్ ఎవరి చేతికి వెళ్ళాలో వాళ్ళనే అడగండి. ఇజాజత్ వాళ్ళది, ఇంటి పెద్దది కాదు. వద్దన్న ఫోటోను ఫ్యామిలీ గ్రూపులో కూడా వేయకండి.

"ఫుర్సత్ లేదు భాయ్" అనేవాళ్ళకి నా జవాబు: కంప్యూటర్ పని ఎప్పుడైనా చేసుకోవచ్చు, అది ఎక్కడికీ పోదు. ముఖాలు చూసి పేర్లు చెప్పేవాళ్ళు పోతారు. కాబట్టి ఫోల్డర్లు తర్వాత, ముందు వాళ్ళ దగ్గరికి వెళ్ళండి. నేను ఆలస్యంగా వెళ్ళాను.

మా దాదా సంతానంలో ఇప్పుడు మిగిలింది ఫూఫీ ఒక్కతే, నంద్యాలలో. 81 ఏళ్ళు. గడిచిన శీతాకాలంలో మూడు ఇత్వార్‌లు లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళాను. కళ్ళద్దాలు తుడుచుకుని ఒక్కో ఫోటో చూసింది. 212లో 130 ఫోటోల్లో మనుషుల్ని గుర్తుపట్టింది. కొందరిని ముక్కుపుడకను బట్టి, కొందరిని కూర్చున్న తీరును బట్టి. 43వ ఫోటో చూసి, కుడి పక్కనున్నామె తన ఖాలా అంది. ఎడమ పక్కనున్నామెను చాలాసేపు చూసింది. "పొరుగింటామె కావచ్చు బేటా. కావచ్చు" అంది. "కావచ్చు" అన్నది కూడా అలాగే రాశాను.

ఇంకో ఫోటోలో పదేళ్ళ పిల్ల ఉంది, రెండు జడలు. "ఇది నేనే" అంది. క్యాప్షన్‌లో "ఫూఫీ" అని టైపు చేశాను. ఆమె స్క్రీన్ వైపు వంగి చూసింది. ఫూఫీకి తెలుగు చదవడం వచ్చు. "అంతేనా? నా పేరు రాయవా?" అంది. నేను ఇంట్లో పిలిచే పేరు రాశాను. తల అడ్డంగా ఊపి, నికానామాలో ఉన్న పూర్తి పేరు చెప్పింది. నలభై ఏళ్ళు దాటిన ఈ పాత్రికేయుడు సొంత ఫూఫీ పూర్తి పేరు వినడం అదే పహ్లీ బార్.

ఆ పేరు ఇక్కడ రాయడం లేదు. ఫైల్లో రాయడానికే ఇజాజత్ ఇచ్చింది, మీకు చెప్పడానికి కాదు. ఫైల్లో ఉంది, రెండు జబానుల్లో, మూడు చోట్ల. మిగిలిన 82 ఫోటోల కింద "తెలియదు" అని నా చేత్తోనే రాశాను.

ఈ ఇత్వార్ మీ ఇంట్లో పెద్దవాళ్ళ దగ్గరికి వెళ్ళండి. ఇరవై ఫోటోలు చాలు. చాయ్ పెట్టించుకోండి, అడగండి, రాసుకోండి. ఖుదా హాఫిజ్.